నేల తగలకూడని పయ్యా కొమ్మ

హిమాలయాలకి వెళ్ళొచ్చావట, మంచుకొండలు చూశావా, అడవి చెర్రీ పూలు చూశావా అని ఫిషింగ్ హార్బర్‌లో కనబడినవాడల్లా అడుగుతున్నాడు. చూశానయ్యా, చూశాను. జేబు గట్టిగా పట్టుకుని జాతర చూసినవాడిలా చూశాను. వెళ్ళేటప్పుడు, ఉన్నప్పుడు, వచ్చేటప్పుడు నా ధ్యాసంతా ఒక్క కొమ్మ మీదే. అది వాడిపోతే మా మేనకోడలి పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ మాట తలలో పెట్టుకుని మీరైనా ఏ కొండని కళ్ళారా చూడగలరు? అయినా అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం గుర్తున్నంత రాస్తున్నాను. నా గుండెదడ కూడా కలిపే రాస్తాను. అది తీసేస్తే ఈ ప్రయాణంలో మిగిలేది టీ, బిస్కెట్లే.

గాజువాక

ముందు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా అక్కని నేను అప్ప అంటాను, మా వైపు అలాగే అంటారు. ఆవిడ కూతురు హారిక. పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో పని. గిరీష్ అని ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల కుర్రాడు ఇక్కడ నేవీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఎలా కలిశారో నన్నడక్కండి, మన ఊళ్ళో బీచ్ ఉన్నంతకాలం అలాంటివి జరుగుతూనే ఉంటాయి. రెండు వైపులా పెద్దలు కిందామీదా పడి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది గిరీష్ నానమ్మ ఒక్కతే. వాళ్ళు ఆమా అంటారు. వాణ్ణి పాలు మరిచినప్పటి నుంచి పెంచింది ఆవిడే. ఆమా ఔననకపోతే పీటల మీద కూర్చోనని గిరీష్ మొదట్లోనే చెప్పేశాడు.

ఆఖరికి ఆమా ఒక కబురు పంపింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో పందిట్లో పయ్యా కొమ్మ ఉండి తీరాలి. పందిరి ఆడపిల్లవాళ్ళది కనుక కొమ్మ తెచ్చుకోవలసిందీ వాళ్ళే, అది తమ ఇంటి పద్ధతి. "ఆ అమ్మాయి మనిషెవరైనా వచ్చి, చెట్టుని అడిగి కోసుకుని, ఆకూ పువ్వూ వాడకుండా పందిట్లో కట్టి, ఫోన్లో నాకు చూపించండి. అప్పుడు చెబుతాను నా మాట." అంతే కబురు. ఆ అమ్మాయి అందే గానీ హారిక అని పేరు కూడా అనలేదు.

పయ్యా అంటే ఏమిటో హారికే ఫోన్లో చూపించింది. కొండ అడవుల్లో తనంత తాను మొలిచే చెర్రీ చెట్టట. చెర్రీ అనగానే నాకు పుట్టినరోజు కేకు మీద ఎర్రగా మెరిసేవి గుర్తొచ్చాయి. అవి పాకంలో రంగేసి నానబెట్టిన వాక్కాయలని చెప్పి అందరి ముందూ నా పరువు తీసింది.

ఎవరు వెళ్ళాలన్న మాట రాగానే మా బావ చేతులెత్తేశాడు. స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ వేడిని ఇన్నేళ్ళు భరించిన మనిషి, అరకు ఘాట్ ఎక్కితే మాత్రం మొదటి మలుపులోనే కవరు అడుగుతాడు.

"నాను ఎల్లనేనురా అప్పారావూ," అన్నాడు. "ఆ కొండలెక్కితే కొమ్మని కాదు, నన్నే కట్టుకుని మోసుకురావాల. అయినా రాట పాతినప్పుడు మేనమామ సెయ్యి పడాల కదేటి? ఇదీ ఒక రాటే అనుకో. నువ్వెల్లు."

అప్ప నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "కొమ్మ సంగతి తరవాత. ఆ ముసలామె మన పిల్లని ఇంటికి రమ్మంతాదా, రానివ్వదా? అది కనుక్కో ముందు. అత్తోరింటి గడప ఎరగని కోడలు ఎక్కడైనా ఉంతాదేట్రా?"

సరే అన్నాను. ఒక ధైర్యం ఉంది. నాకు చదువు పెద్దగా అబ్బలేదు గానీ ఐసు తెలుసు. పడవలకి ఐసు తోలడమే నా బతుకు. వేటకెళ్ళిన కోనాం చేప రేవుకొచ్చేసరికి కంట్లో మెరుపు పోకుండా ఉండాలంటే ఐసు ఎలా పట్టాలో నన్నడిగి వెళతారు. చేపే నిలవగా లేనిది కొమ్మెంత! చేపలు పంపే పొడుగు థర్మాకోల్ పెట్టె ఒకటి నిమ్మతొక్కలతో కడిగి ఎండబెట్టుకున్నాను.

అప్ప మూత తీసి వాసన చూసింది. "ఓలమ్మా! పెల్లి కొమ్మ సేపల పెట్టిలోనా?"

కాఠ్‌గోదాం దాటాక

ఢిల్లీ మీదుగా కాఠ్‌గోదాం వెళ్ళేసరికి రైలు పట్టాలు అయిపోతాయి, అక్కడి నుంచి జీపులే. పదిమంది ఎక్కే జీపులో నన్నూ నా పెట్టెనీ కలిపి ఇద్దరు మనుషులుగా లెక్కగట్టాడు డ్రైవరు. బేరమాడాను. పెట్టె మాట్లాడదు కనుక సగం టిక్కెట్టుకి ఒప్పుకున్నాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ప్రతి మలుపులో మా బావని తలుచుకున్నాను, మంచిపని చేశాడు రాకుండా.

మధ్యాహ్నం ఒక మలుపు దగ్గర రేకుల హోటల్లో ఆపారు. నడిపేది ఒకావిడ, చెవులకి మఫ్లరు చుట్టుకుని. ప్లేటు తొంభై రూపాయలు. నల్లగా ఒక రొట్టె, గోధుమరంగు పప్పు, ఆకుపచ్చ పచ్చడి. రొట్టె తుంచి నోట్లో పెట్టుకోగానే నవ్వొచ్చింది. చోళ్ళు, అదే రాగులు! మనం అంబలి కాచుకునే చోళ్ళనే వాళ్ళు రొట్టె చేసుకుంటారు. పప్పు ఏమిటని చూస్తే ఉలవలు. మా తాత ఊళ్ళో ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టాకే మేం చారు కాచుకునేవాళ్ళం. ఇక్కడ చుట్టానికి నెయ్యి వేసి మరీ పెడుతున్నారు. పచ్చడి భంగు గింజలదని డ్రైవరు చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెళ్ళి పని మీద వచ్చినవాణ్ణి, మత్తెక్కితే ఎలా? గింజలకి మత్తుండదని అందరూ నవ్వారు. రుచి చూస్తే మన నువ్వుల పచ్చడికి తమ్ముడిలా ఉంది.

హోటలావిడ నా పెట్టె వైపు చూసి అందులో ఏముందని అడిగింది. ఏమీ లేదు, పయ్యా కొమ్మ కోసం అన్నాను, హార్బర్‌లో బీహారు కూలీల దగ్గర నేర్చిన హిందీలో.

"మొదటిసారా? ఇటు రా," అని హోటలు వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కడ చూశాను మొదటిసారి. లోయకి అడ్డంగా వంగిన చెట్టు. చుట్టుపక్కల చెట్లన్నీ చలికి ముడుచుకునుంటే ఇదొక్కటే ఒళ్ళంతా పూసుకుని ఉంది. పూలు లేత గులాబీ, ఉతికి ఉతికి వెలిసిన నూలుచీర రంగు. కొమ్మల చివర రాగిరంగు చిగుళ్ళు. బెరడు రాగిచెంబు తోమినట్టు మెరుస్తూ, అడ్డంగా పొరలు లేచి ఉంది. చెట్టంతా ఒకటే ఝుమ్మని చప్పుడు. తేనెటీగలు.

"చలికాలంలో వాటికి ఇదే అన్నం," అంది ఆవిడ. "మేం దీన్ని పొయ్యిలో పెట్టం. పెళ్ళికో పూజకో అయితే ఒక్క కొమ్మ, అదీ అడిగి."

పళ్ళు ఎలా ఉంటాయని అడిగాను. ఎండాకాలంలో గోరంత కాస్తాయట, పులుపూ వగరూ, పిట్టలకే పనికొస్తాయట. నా ధ్యాస పూల అందం మీద లేదు, అవి నిలుస్తాయా అన్నదాని మీదే. ఒక పువ్వు ముట్టుకున్నాను, రేకులు రెండు చేతిలోకే రాలాయి. ఇంత సుకుమారమైనదాన్ని నేను ఇన్ని రాష్ట్రాలు దాటించాలా!

ఆమా ఇల్లు

గిరీష్ నాన్న రోడ్డు మీదికి వచ్చి నన్ను దించుకున్నాడు. మంచి మనిషి, మెత్తటి మనిషి, తల్లి ముందు నోరెత్తని మనిషి. రాతిపలకల కప్పు ఇల్లు. ముంగిట్లో ఎండకి కూర్చుని ఆమా ఏదో ధాన్యం చెరుగుతోంది. చిన్న మనిషి, ముక్కుకి పెద్ద పోగు. నమస్కారం పెట్టాను. చేట ఆపకుండానే తల ఊపింది.

మాడుగుల హల్వా డబ్బా ముందు పెట్టాను. ఒక ముక్క చప్పరించి, "నెయ్యి ఎక్కువ," అంది. కానీ డబ్బా మాత్రం తన వెనక్కి జరుపుకుంది.

"సముద్రం మీ ఇంటికి ఎంత దూరం?" అని అడిగింది కాసేపటికి.

"పక్కనే ఆమా. మేడెక్కితే కనిపిస్తుంది."

"ఆ నీళ్ళు తాగుతారా?"

"ఉప్పు కదా ఆమా, తాగడానికి పనికిరావు."

"అన్ని నీళ్ళు పక్కన పెట్టుకుని ఏం లాభం?" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మన ఇళ్ళలో చుట్టం రాగానే కాళ్ళకి నీళ్ళిస్తాం. అక్కడ వేడి టీ చేతిలో పెట్టి పొయ్యి దగ్గర కూర్చోబెడతారు. ఆ చలికి కాళ్ళు కడుక్కోమంటే శత్రుత్వమే. పొయ్యి దగ్గర మంచి సమయం చూసి ఫోన్లో హారిక ఫొటో తీసి ఆమాకి చూపించబోయాను. ఆవిడ ఫోన్ వైపు తిరగనే లేదు, రొట్టె తిరగేసుకుంటూ కూర్చుంది. మా పిల్ల హిందీ నేర్చుకుంటోందన్నాను. మంచి ఉద్యోగమన్నాను. పెళ్ళయ్యాక ఇక్కడికొస్తే మీ దగ్గర పనులన్నీ నేర్చుకుంటుందన్నాను. ఆ చివరి మాట మీద ఆశ పెట్టుకుని ఆగాను.

ఆమా పొయ్యిలో కట్టె ముందుకి తోసింది. "ముందు కొమ్మ చేరనీ," అంది.

అప్పకి ఫోన్ చేసినప్పుడు, బాగా చూసుకుంటున్నారప్పా, ఉలవలు పెట్టారు అని చెప్పి పెట్టేశాను.

చెట్టు దగ్గర

పొద్దున్నే ఆమా కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఎనభై దాటిన మనిషి చకచకా ఎక్కుతుంటే వెనకాల నేను రొప్పుకుంటూ. చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, ఎర్రబొట్టు పెట్టి, బియ్యం చల్లి, దారం చుట్టింది. ఇంతవరకు మనలాగే. మనమూ రాటకి పసుపూ బొట్టూ పెడతాం. కానీ మనం బొట్టు పెట్టగానే కత్తి ఎత్తేస్తాం. ఆమా పక్కకి జరిగి నన్ను ముందుకి తోసింది.

"అడుగు."

"ఏమని అడగాలి ఆమా?"

"ఎందుక్కావాలో చెప్పి అడుగు. మనిషిని అడిగినట్టు."

సిగ్గేసింది. చుట్టూ చూసి, మన మాటలోనే అడిగాను. "తల్లీ, మాది ఇశాపట్నం. మా పిల్ల పెల్లికి ఒక కొమ్మ ఇయ్యమ్మా. జాగర్తగా ఎత్తుకెల్తాను, ఒట్టు." అన్నానో లేదో ఒక తేనెటీగ వచ్చి చెవి తమ్మె మీద కుట్టింది. కుయ్యోమన్నాను. ఆమా మూతి ఒక పక్కకి కొద్దిగా కదిలింది. నవ్వో కాదో ఇప్పటికీ తెలియదు.

కొడవలితో కొమ్మ తనే కోసి నా చేతికిచ్చింది. నా చెయ్యంత పొడుగు, పువ్వూ మొగ్గా చిగురూ నిండుగా. అప్పుడు చెప్పింది అసలు సంగతి. పందిట్లో కట్టేదాకా ఇది నేల తగలకూడదు.

ముందే చెప్పి ఉంటే నేను వచ్చేవాణ్ణే కాదేమో.

రైలు

కొమ్మని పెట్టెలో సర్ది, జీపులో ఒళ్ళో పెట్టుకున్నాను. ఢిల్లీ స్టేషన్‌లో పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాను. కూలీలు నన్ను చూసి తమవాడే అనుకుని దారిచ్చారు. విశాఖ రైలెక్కే ముందు కూల్‌డ్రింకుల బండివాడి దగ్గర ఐసు కొన్నాను, నూట యాభై అన్నాడు, మన రేవులో అయితే ఆ డబ్బుకి పెట్టె నిండుతుంది. కొమ్మని తడి గోనెపట్టాలో చుట్టి, కిందా పైనా ఐసు సర్ది, గుప్పెళ్ళతో రాళ్ళుప్పు చల్లాను. ఉప్పు పడితే ఐసు చలువ పెరుగుతుంది. ఎండాకాలంలో దూరం పంపే చేపలకి మేమంతా అలాగే చేస్తాం. పెట్టె సీటు మీద కిటికీ పక్కన పెట్టి నేను అంచున కూర్చున్నాను.

ఎదురు సీట్లో మేరీగారని ఒక నర్సు. మన డాబాగార్డెన్స్ ఆవిడే, అమ్మాయి పురుటికి ఢిల్లీ వెళ్ళి తిరిగొస్తోంది. నేను మూత తీసి చూడ్డం, మూయడం, మళ్ళీ తీయడం గమనించి ఆగలేక అడిగింది.

"ఏటండీ లోపల? మాటిమాటికీ సూత్తన్నారు. సేపలేటి?"

సంగతంతా చెప్పాను. ఎవరికైనా చెప్పుకోకపోతే పేలిపోయేలా ఉన్నాను. ఆవిడకి నా బాధ నవ్వులాట కాలేదు. మట్టల ఆదివారం నాడు వాళ్ళూ చర్చి నుంచి ఈతమట్టలు తెచ్చుకుని పటం వెనక పెట్టుకుంటారట, ఇంటిల్లిపాదీ దాన్ని జాగ్రత్తగా చూసుకుంటారట. "నాను కాపలా ఉంతాను, మీరు ఎల్లి టీ తాగొచ్చెయ్యండి," అంది. ఆవిడ ఇచ్చిన పులిహోర తిన్నాను. తిరుగు ప్రయాణం మొదలయ్యాక మొదటిసారి అన్నం రుచి తెలిసింది.

భోపాల్ దాటాక మూత తీస్తే రేకుల అంచులు గోధుమరంగుకి తిరిగినట్టనిపించింది. వెలుతురు సరిగా లేదేమో అనుకున్నాను. చలువ చాలలేదేమో అనుకుని ఇంకో స్టేషన్లో ఐసు తెచ్చి, ఇంకాస్త ఉప్పు చల్లాను. నాగపూర్‌లో గోనె విప్పాను. చిగుళ్ళు నల్లగా, ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి. పూలు వేలికి జిగురుగా అంటుకున్నాయి.

"చచ్చాంరా దేవుడా!" అని బయటికే అనేశాను.

మేరీగారు వంగి చూసింది. గోనెని వేలితో తాకి, ఆ వేలు నాలిక్కి ఆనించింది. "ఉప్పేసేరేటండీ?"

"చలువ పెరగాలని."

"అయ్యో నా రాత! మా పెరట్లో కలుపు సావడానికి నాను పోసేవి ఉప్పునీల్లేనండీ."

చేప చచ్చాక ఐసులో పెడతాం. ఇది బతికున్న కొమ్మ. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ ఒక్క తేడా నా బుర్రకి ఎందుకు తట్టలేదో! మంచినీళ్ళ సీసాలన్నీ తెచ్చి కొమ్మని కడిగాం ఇద్దరమూ. లాభం లేకపోయింది. అక్కడి నుంచి కొమ్మని చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను. నేను బాత్రూంకి వెళ్ళినప్పుడు మేరీగారు పట్టుకుంది. ఖమ్మం దగ్గర కొన్ని ఆకులు, రాజమండ్రి దగ్గర కొన్ని రాలాయి. తుని దాటేసరికి నా చేతిలో ఉన్నది వట్టి పుల్ల. ఇంటి నుంచి ఫోన్ వస్తోంది, తీయడం లేదు.

స్టేషన్‌లో దిగేటప్పుడు మేరీగారు నా భుజం మీద చెయ్యి వేసింది. "మీ పిల్ల కోసం ప్రార్థన సేత్తానండీ. దిగులు పడకండి," అంది. దిగులు పడకుండా ఎలా ఉంటాను? పెళ్ళి మర్నాడే.

వన్ టౌన్

ఇంటికి వెళ్ళే ధైర్యం లేక ఆటో ఎక్కి వన్ టౌన్ పొమ్మన్నాను. అక్కడ సూరమ్మ అని మూలికల కొట్టు నడిపే ముసలావిడ నాకు తెలుసు, ఏదైనా ఉపాయం చెబుతుందేమోనని. ఆ రోజు మార్గశిర గురువారం, అక్కడి అమ్మవారికి పండగ రోజన్న సంగతే మరిచిపోయాను. అమ్మవారి గుడి వైపు సందులన్నీ కిటకిట. ఆటో కదలక దిగిపోయి, కొమ్మని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నడిచాను. జనం నన్ను మొక్కు తీర్చుకునేవాణ్ణి అనుకున్నారు. ఒకావిడ కొమ్మకి కుంకం పెట్టింది. ఇంకొకాయన పసుపునీళ్ళు చల్లాడు. వెనక నుంచి ఎవరో జై కొట్టారు. చేతులు లాగేస్తున్నాయి, దించితే కింద తగులుతుందని భయం.

సూరమ్మ కళ్ళజోడు పెట్టుకుని బెరడుని గోటితో గీసి, వాసన చూసింది. లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. ఎర్రటి చెక్కముక్కలు.

"పద్మకం," అంది. "ఇదే సెట్టు. ఒంట్లో వేడికి కసాయం కాసుకోడానికి అట్టుకెల్తారు. మా అత్త కాలం నుంచీ మా కొట్లో ఉంది."

ఆశ లేచింది నాకు. "అయితే పచ్చి కొమ్మ తెప్పించగలవా?"

"ఎండినదే వత్తాది బాబూ. పచ్చిది కావాలంటే నువ్వెల్లిన సోటికే మళ్ళీ ఎల్లాల."

కొట్టు అరుగు మీద కూలబడ్డాను, కొమ్మని ఒళ్ళో పెట్టుకుని. ఆఖరికి బావకి ఫోన్ చేశాను. పదిహేను కిలోమీటర్ల ట్రాఫిక్ దాటుకుని స్కూటరు మీద వచ్చి, కొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"అప్పకి సెప్పకు," అన్నాడు. "పద, పూర్ణా మార్కెట్‌కెల్దాం."

మార్కెట్‌లో డెకరేషన్ సామాన్ల కొట్టులో లేత గులాబీ ప్లాస్టిక్ పూలు కట్ట నూట ఇరవై అంటే బేరం లేకుండా తీసుకున్నాడు. తోరణాల దగ్గర మామిడి చిగుళ్ళు ఏరాడు, రాగిరంగువి మాత్రమే. సన్న దారం కొన్నాడు. నాకు అర్థమైంది. ఒద్దు బావా అని అనలేదు. అనాల్సింది.

"ఫోన్లోనే కదేటి సూసేది? ఎవలికి తెలుత్తాది?" అన్నాడు బావ, నన్ను ఓదారుస్తున్నాడో తనని తాను ఓదార్చుకుంటున్నాడో తెలియకుండా. స్కూటరు మీద వెనక కూర్చుని గాజువాక దాకా ఆ కొమ్మని ఎత్తే పట్టుకున్నాను.

పందిరి

పెళ్ళి రోజు పొద్దున్న ఇంటి ముందు పందిట్లో, మన రాట పక్కనే, కొమ్మని కట్టాం. దూరం నుంచి చూస్తే నిజంగానే పూసినట్టుంది. అప్ప చూసి మురిసిపోయింది. "సేపల పెట్టిలో పెట్టినా ఎంత బాగా తెచ్చేవురా!" అని నా గడ్డం పట్టుకుంది.

నా రైల్లో టిక్కెట్టు దొరక్క వేరే రైళ్ళు మారి ముందు రోజు రాత్రి దిగిన గిరీష్ నాన్న కొమ్మ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసింది.

పసుపుబట్టల్లో హారిక వచ్చి ఒక పువ్వుని రెండు వేళ్ళతో నలిపింది. నా వైపు తిరిగింది.

"మామా, ఇది ప్లాస్టిక్."

పిల్లని పక్కకి లాగి ఐసూ ఉప్పూ సంగతంతా గబగబా చెప్పేశాను. "ఊరుకోయే తల్లీ. నీ పెల్లి అయిపోనీ. తరవాత నన్ను కొట్టు, తిట్టు."

"మా లాబ్‌లో ఫెయిలైన బేచ్‌కి పాస్ అని రాయం మామా."

"ఇది లాబ్ కాదే, నీ జీవితమే!"

ఇంతలో ఫోన్ మోగింది. గిరీష్ చేతిలో, వీడియో కాల్లో ఆమా. వెనక ఎండ, ముంగిలి, పక్కింటివాళ్ళు ఐదారుగురు. గిరీష్ పీటల పక్కనే నిలబడి ఉన్నాడు, ఇంకా కూర్చోలేదు. ఆమా కళ్ళు చికిలించి చూసి, "దగ్గరికి," అంది. గిరీష్ కొమ్మ దగ్గరికి జరిగాడు. "ఇంకా దగ్గరికి."

నా చెవుల్లో ఝుమ్మంటోంది. బావ పందిరి గుంజ పట్టుకున్నాడు.

హారిక వచ్చి గిరీష్ చేతిలో ఫోన్ తీసుకుంది. ఇంకో చేత్తో ప్లాస్టిక్ పువ్వు ఒకటి పీకింది. ఇంకొకటి. మామిడి చిగుళ్ళకి కట్టిన దారం పళ్ళతో తెంపింది. అన్నీ పీకేసి వట్టి కొమ్మని ఫోన్‌కి చూపించింది. నేర్చుకున్న హిందీలో, తప్పులతో, ఆగి ఆగి చెప్పింది.

"ఆమా, మీ కొమ్మ ఇదీ. ఆకులు దారిలో నల్లబడిపోయాయి. పాడవకూడదని మామ ఐసులో ఉప్పు వేశాడు, మా చేపలకి వేసినట్టు. నేల మాత్రం తగలనివ్వలేదు. ఇప్పుడు మీరేమంటే అది."

మేళం వాళ్ళు వాయించడం ఆపేశారు. అప్పకి హిందీ రాదు, కానీ పీకిపడేసిన పూలు చూసి అర్థమైపోయి అక్కడే కూర్చుండిపోయింది.

"మీ మామని పిలువు," అంది ఆమా.

వెళ్ళాను.

"ఉప్పా?" అంది.

"ఉప్పే ఆమా."

పక్కకి తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. పక్కింటివాళ్ళు పకపకా నవ్వారు. ఆమా నవ్వలేదు. మళ్ళీ హారిక కావాలంది. మొదటిసారి, నాకు తెలిసి మొదటిసారి, మా పిల్ల ముఖం వైపు నిదానంగా చూసింది. అలా ఎంతసేపు చూసిందో చెప్పలేను, నాకు మాత్రం కొండంతా మళ్ళీ ఎక్కినట్టుంది.

"చెట్టు దగ్గర కొమ్మ తీసుకుని చంపుకున్నారు," అంది ఆఖరికి. "దానికి జవాబు నేను చెప్పను, నువ్వు చెప్పుకోవాలి. పూలు రాలిపోకముందే వచ్చి దాని ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పు. మందపాటి స్వెటర్ తెచ్చుకో. ఇక్కడ నీ కొలతకి సరిపోయేవి లేవు."

ఫోన్ పెట్టేసింది. గిరీష్ వెళ్ళి పీటల మీద కూర్చున్నాడు. మేళం ఒక్కసారిగా అందుకుంది.

అప్ప నా చొక్కా పట్టుకుని ఊపేస్తోంది. "ఏటందిరా? ఆ ముసలామె ఏటంది? సెప్పవేట్రా!"

ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"రమ్మందప్పా," అన్నాను. "పిల్లని ఇంటికి రమ్మంది."